తరలిపోని వాళ్ళ ఇల్లు

న్యూయార్క్ వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక పెద్ద మ్యూజియంలో రోజంతా తిరిగి, సాయంత్రానికి కాళ్ళు ఈడ్చుకుంటూ బయటికి రావడం నాకు అలవాటైపోయింది. ఈసారి అలా కాకుండా ఒక ఇల్లు చూడాలనుకున్నాను. మన్‌హటన్ దక్షిణ భాగంలో, లఫాయెట్ స్ట్రీట్‌కూ బావరీకీ మధ్య, ఈస్ట్ ఫోర్త్ స్ట్రీట్‌లో 29వ నంబరు ఇల్లు అది. దాని పేరు మర్చంట్స్ హౌస్ మ్యూజియం. 1832లో కట్టిన ఈ ఇంట్లో 1835 నుంచి 1933 దాకా, అంటే రెండేళ్ళు తక్కువ నూరేళ్ళు, ఒకే కుటుంబం కాపురం ఉంది. ఆ కుటుంబంలో చివరి మనిషి పోయిన మూడేళ్ళకు, 1936లో, ఇల్లు మ్యూజియంగా మారింది. మధ్యలో మరో కుటుంబం రాలేదు. అందువల్ల లోపలి కుర్చీలు, మంచాలు, దీపాలు, దుస్తులు చాలావరకు ఆ ఇంటివాళ్ళు వాడినవే.

ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నేను అక్కడికి వెళ్ళడానికి కారణం అదే. పాతకాలపు సంపన్నుల ఇళ్ళ పేరుతో మనకు చూపించేవాటిలో చాలావాటిలో గోడలు మాత్రమే అసలువి. ఇల్లు ఎప్పుడో చేతులు మారి ఖాళీ అయిపోయి ఉంటుంది. ఆ తరువాత ఎవరో నిపుణులు ఆ కాలానికి సరిపోయే సామాను వేలంపాటల్లో కొని తెచ్చి, ఇక్కడ ఈ బల్ల, అక్కడ ఆ గడియారం అని అమరుస్తారు. అది తప్పేమీ కాదు, కానీ అలాంటి గదిలో నిలబడితే సామాన్లన్నీ ఒకదానికొకటి కొత్తగా పరిచయమైనట్టు, కొంచెం బిగుసుకుని ఉన్నట్టు నాకు అనిపిస్తుంది. ఈస్ట్ ఫోర్త్ స్ట్రీట్ ఇంట్లో ఆ బిగువు లేదు.

ఇల్లు కట్టించినవాడు జోసెఫ్ బ్రూస్టర్ అనే టోపీల వ్యాపారి. 1835లో దాన్ని 18,000 డాలర్లకు సీబరీ ట్రెడ్‌వెల్ అనే మరో వ్యాపారి కొన్నాడు. ట్రెడ్‌వెల్ ఇనుప సామాను దిగుమతి చేసుకుని అమ్మి, బాగా గడించి, యాభై అయిదేళ్ళ వయసులో వ్యాపారం చాలించుకున్నాడు. ఆ కాలం నాటి న్యూయార్క్‌ను కొంచెం ఊహించుకుంటే తప్ప ఈ కొనుగోలు అర్థం కాదు. 1825లో హడ్సన్ నదిని పెద్ద సరస్సులతో కలిపే ఈరీ కాలువ తెరుచుకున్నాక దేశం లోపలి సరుకంతా న్యూయార్క్ రేవుకు చేరడం మొదలైంది, డబ్బు ఒక్కసారిగా పోటెత్తింది. 1830లో నగర జనాభా రెండు లక్షలు. దాదాపు అందరూ ద్వీపం దక్షిణపు కొసనే, రేవుకూ గోదాములకూ ఆనుకుని కిక్కిరిసి ఉండేవారు. 1832 వేసవిలో వచ్చిన కలరాకు మూడు వేల మందికి పైగా చనిపోయారు. చేతిలో డబ్బున్నవాడు ఇక ఆ రద్దీలో ఎందుకుంటాడు? ఉత్తరంగా, బాండ్ స్ట్రీట్ చుట్టుపక్కల, గాలి ఆడే చోట కొత్త ఇళ్ళ వరుసలు లేచాయి. ఈ ఇంటికి నాలుగడుగుల దూరంలోని లఫాయెట్ ప్లేస్‌లో పాలరాతి స్తంభాల వరుసతో కట్టిన కొలనేడ్ రోలో కోటీశ్వరులైన ఆస్టర్, వాండర్‌బిల్ట్ కుటుంబాలవాళ్ళు ఉండేవారు. అంటే ట్రెడ్‌వెల్ ఇల్లు కొన్నది ఆనాటి నగరంలో అతి ఖరీదైన పేటలో. ఇల్లు కొన్న ఆ 1835లోనే, డిసెంబరులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వాల్ స్ట్రీట్ పరిసరాల వ్యాపార కేంద్రంలో సుమారు ఏడు వందల భవనాలు బూడిదయ్యాయి. వ్యాపారం నుంచి అతను తప్పుకున్న సమయం భలే కలిసొచ్చిందని చెప్పాలి.

బయటి నుంచి చూస్తే ఇల్లు మరీ గొప్పగా ఏమీ కనిపించదు. ఎర్ర ఇటుక గోడ, తెల్ల పాలరాతి పట్టీలు, ఏటవాలు కప్పులోంచి పొడుచుకొచ్చిన రెండు చిన్న కిటికీలు. డచ్చివారి కాలం నుంచి ఆ నగరంలో స్టూప్ అని పిలిచే ఎత్తు మెట్లు వీధి నుంచి తలుపు దాకా ఉంటాయి. గొప్పతనమంతా ఆ తలుపు దగ్గర కుమ్మరించారు. దాని చుట్టూ పాలరాతి దిమ్మెలను ఒకటి విడిచి ఒకటి ముందుకు పొడుచుకొచ్చేలా పేర్చారు. పైన విసనకర్ర విప్పినట్టు అర్ధచంద్రాకారపు అద్దాల కిటికీ ఉంది. వీధిన పోయేవాడు ఎక్కడ ఆగి చూస్తాడో వ్యాపారికి తెలియదా!

లోపలికి వెళితే పద్ధతి మారిపోతుంది. బయట ఫెడరల్ శైలి, అంటే అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వాడుకలో ఉన్న నిరాడంబరమైన పద్ధతి. లోపల గ్రీకు శైలి. అప్పట్లో అమెరికా సంపన్నులకు గ్రీకు మోజు పట్టుకుంది. ముందు గది, వెనక గది రెండూ జంట పార్లర్లు. రెంటి మధ్య తలకట్టున చుట్టలుండే గ్రీకు పద్ధతి అయోనిక్ స్తంభాలు, వాటి మధ్య గోడలోకి జారిపోయే మహాగని తలుపులు. తలుపులు మూస్తే రెండు గదులు, తీస్తే ఒకే పెద్ద హాలు. రెండు గదుల కప్పుల్లోనూ మధ్యన, దీపం వేలాడే చోట, సున్నంతో మలచిన పెద్ద ఆకుల చక్రం ఉంటుంది. ఆ చక్రాలను చూడటానికి నేను తల వెనక్కి వాల్చి ఎంతసేపు నిలబడ్డానో గాని, అక్కడి స్వచ్ఛంద సేవకురాలు ఒకావిడ వచ్చి, మెడ పట్టేస్తుందని నవ్వుతూ హెచ్చరించింది. ఆకుల అంచులు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. ఏటేటా సున్నం కొట్టిన ఇళ్ళలో ఇలాంటి పనితనం పొరల కింద పూడిపోయి, ఆకులన్నీ ఉబ్బిన ముద్దల్లా తయారవుతాయి. ఇక్కడ ఎక్కువసార్లు కొట్టించే స్తోమత లేకపోవడమే వాటిని కాపాడిందేమో. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పార్లర్ అనే మాటకు మూలం మాట్లాడటం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ. తెలుగులో అది బ్యూటీ పార్లర్‌కూ ఐస్‌క్రీం పార్లర్‌కూ అంటుకుపోయి తన పాత హోదా పోగొట్టుకుంది గానీ, 19వ శతాబ్దపు న్యూయార్క్ గృహిణికి పార్లరంటే దాదాపు కార్యాలయం. ఆమె పని కలుపుకోలుతనం. మధ్యాహ్నం పూట ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళి పావుగంట కూర్చుని రావడం ఒక విధి, దానికి మార్నింగ్ కాల్ అని పేరు. వెళ్ళినావిడ తన పేరు అచ్చువేసిన చీటీని పనిమనిషి చేతిలోని పళ్ళెంలో ఉంచుతుంది. ఆ చీటీ పైకి వెళ్ళి, అమ్మగారు ఇంట్లో ఉన్నారనో లేరనో జవాబు కిందికి వస్తుంది. లేరంటే లేరని కాదు, చూడటానికి వీలుపడదని. అది అబద్ధంగా ఎవరూ లెక్కపెట్టేవారు కారు. ఎవరు ఎవరింటికి వెళ్ళారు, ఎన్నాళ్ళకు బదులు వెళ్ళారు అన్న ఈ లెక్కలోనే ఆడపిల్లల సంబంధాలు, మగవాళ్ళ అప్పులు, భాగస్వామ్యాలు కుదిరేవి. ఆ గదిలో ప్రతి వస్తువూ వచ్చినవాళ్ళు పావుగంటలో చదివేసుకోవడానికి ఉంచినదే. నల్ల పాలరాతి పొయ్యిగూడు, మహాగని కుర్చీలు, చతురస్రపు పియానో ఒక్కొక్కటీ ఇంటివారి తరఫున ఒక్కో మాట చెబుతూ ఉంటాయి.

పార్లర్లు చాలా బాగున్నాయి, కాదనను. కానీ అక్కడున్న అరగంటలో ఆ కుటుంబం గురించి నాకు కొత్తగా తెలిసింది తక్కువ. అందరికీ చూపించడానికి పెట్టిన గది, నూట తొంభై ఏళ్ళ తరువాత నాకూ అదే చూపించింది. అసలు ఇల్లు నాకు కింద, వంటగదిలో దొరికింది.

వంటగది నేలంతస్తులో వెనకవైపు ఉంటుంది. ఇటుకల పొయ్యిగూడులో ఇమిడిన పోతఇనుము పొయ్యి, ఒక రాతి తొట్టి, పక్కన చేతిపంపు. పెరట్లో భూమిలోపల 4,000 గ్యాలన్ల తొట్టి ఒకటుంది. అంటే సుమారు పదిహేను వేల లీటర్లు. కప్పు మీద పడ్డ వాననీరు అందులోకి చేరితే పంపుతో తోడుకునేవారు. దూరపు క్రోటన్ నది నీళ్ళు కాలువ ద్వారా నగరానికి వచ్చింది 1842లో. అంతకుముందు పదేళ్ళు ఇంత ఖరీదైన ఇంట్లో కూడా కుళాయి లేదు. ఇప్పుడు లెక్క వేయండి. పది లీటర్ల బకెట్టు పది కిలోలు. పై అంతస్తుల్లో పడకగదులు, ప్రతి గదిలో ముఖం కడుక్కోవడానికి ఒక బేసిను, ఒక కూజా. పొద్దున్నే వేడినీళ్ళు పైకెక్కాలి, వాడిన నీళ్ళు దిగాలి. రాత్రి గదుల్లో వాడిన కుండలు పెరటి చివర మరుగుదొడ్డికి చేరాలి. చలికాలంలో ప్రతి పొయ్యికీ బొగ్గు తట్టలు ఎక్కాలి, బూడిద దిగాలి. బొగ్గు మసి తెరల మీదా, తివాచీల మీదా, ఆ తెల్లని ఆకుల చక్రాల మీదా పడుతూనే ఉంటుంది, తుడుస్తూనే ఉండాలి. తల్లీ తండ్రీ ఎనిమిది మంది పిల్లలూ ఉన్న ఇల్లు అది.

ఈ మోతంతా ఎవరు మోశారు? 1855 జనాభా లెక్కల్లో ట్రెడ్‌వెల్ కుటుంబంతో పాటు నలుగురు పనివాళ్ళ పేర్లున్నాయి. నలుగురూ ఐర్లండు నుంచి వచ్చిన స్త్రీలే. 1845 తరువాత బంగాళాదుంప పంట తెగులుతో వచ్చిన కరువుకు ఐర్లండు నుంచి లక్షల మంది అమెరికాకు ఓడలెక్కారు. వాళ్ళలో పెళ్ళికాని పడుచులకు న్యూయార్క్‌లో వెంటనే దొరికిన కొలువు సంపన్నుల ఇళ్ళలో పని. భోజనం, వసతి పోగా ఆ రోజుల్లో మామూలు పనిమనిషికి నెల జీతం పది డాలర్లు కూడా వచ్చేది కాదు. పది డాలర్లే అనుకుందాం. తాను తుడిచే ఈ ఇంటి ఖరీదు కూడబెట్టాలంటే, పైసా ఖర్చు పెట్టకుండా ఆమెకు నూట యాభై ఏళ్ళు పడుతుంది.

వంటగది దగ్గర గోడకు ఒక వరుసలో పిలుపు గంటలున్నాయి. వాటిని నేను ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూశాను. చుట్టలు చుట్టిన ఇనుప పట్టీకి కొనన ఇత్తడి గంట. పై గదిలో ఎవరైనా మీట తిప్పితే గోడలోపల పరిచిన తీగ లాగుకుని ఆ పట్టీ ఊగుతుంది. పట్టీ చుట్ట చుట్టి ఉండటంలో ఒక తెలివుంది. గంట మోత ఆగిపోయాక కూడా చుట్ట కాసేపు వణుకుతూనే ఉంటుంది. చేతిలో పిండి ఉండి వెంటనే తల తిప్పలేని మనిషి కూడా, ఒక క్షణం ఆలస్యంగా చూసినా, ఏ గంట కదులుతోందో కనిపెట్టి ఆ గదికి పరుగెత్తగలదు. ఆ రోజుల్లో ఇలాంటి ఇళ్ళలో గంటలను వేరువేరు సైజుల్లో పోయించేవారు. వరుసలో ఏది మోగిందో తల ఎత్తకుండానే శబ్దాన్ని బట్టి తెలిసిపోయేది. ఇంత శ్రద్ధ పెట్టిన యంత్రం ఆ ఇంట్లో మరొకటి ఉందా అని వెతికాను, నాకైతే కనిపించలేదు.

ఈ గంటలను చూశాక పైకి, నాలుగో అంతస్తుకు వెళ్ళాను. లిఫ్టు లేదు, నా మోకాళ్ళు మధ్యలోనే మొరాయించాయి, చేతిలో బకెట్టు కూడా లేదు. ఏటవాలు కప్పు కింద పనివాళ్ళ గదులు ఉన్నాయి. మన్‌హటన్‌లో ఐరిష్ వలసదారులు నివసించిన చోట్లలో చెక్కుచెదరకుండా మిగిలిన అతి పాత స్థలం ఇదేనని మ్యూజియం వారు చెబుతారు. బయట వీధి నుంచి అందంగా కనిపించే ఆ రెండు చిన్న కిటికీలు ఈ గదివే. చిన్న మంచాలు, బోసి నేల. కిందికీ ఇక్కడికీ మధ్య మెట్ల దారిలోనే తేడా తెలిసిపోతుంది. పార్లర్ దగ్గర మెట్ల మొదట్లో ఆకులు చెక్కిన మహాగని స్తంభం ఉంటే, పైకి వచ్చేసరికి చెక్కడం మానేశారు. అతిథి కంటికి ఆనే చోట ఖర్చు ఆగిపోయింది.

సంపన్నుల ఇళ్ళ మ్యూజియాలను చాలా ఏళ్ళు ఈ అంతస్తు లేకుండానే చూపించారు. పనివాళ్ళ గదులను సామాన్ల గదిగానో, ఆఫీసుగానో వాడుకునేవారు. ఇప్పుడు వాటిని తెరుస్తున్నందుకు సంతోషం. ఇక్కడి నుంచి నడిచి వెళ్ళే దూరంలో, 97 ఆర్చర్డ్ స్ట్రీట్‌లో టెనెమెంట్ మ్యూజియం ఉంది. 1863లో కట్టిన ఆ అద్దె గదుల భవనంలో 1935 లోపు సుమారు ఏడు వేల మంది వలస జీవులు మారి మారి కాపురం చేశారు. ఒకే నగరం, ఒకే శతాబ్దం, ఆ ఇంటికి ఏడు వేల మంది, ఈ ఇంటికి ఒక కుటుంబం. వీలున్నవాళ్ళు రెండింటినీ చూడాలి, కాని ఒకే రోజు మాత్రం వద్దు.

రెండో అంతస్తులో పడకగదులు. పందిరి మంచాలు, వాటికి వేలాడే బరువైన తెరలు. ఆ కాలంలో మధ్యతరగతి నుంచి పైవాళ్ళంతా పుట్టుక, జబ్బు, చావు అన్నీ ఇంట్లోనే గడుపుకొనేవారు. చిన్న కూతురు గెర్‌ట్రూడ్ 1840లో ఈ ఇంట్లోనే పుట్టింది, తండ్రి 1865లో ఈ ఇంట్లోనే పోయాడు. ప్రతి అక్టోబరులో మ్యూజియం వారు పార్లర్‌లో శవపేటిక ఉంచి, నల్ల గుడ్డలు కట్టి, 1865 నాటి ఆ అంత్యక్రియలను మళ్ళీ నడిపి చూపిస్తారు. నేను వెళ్ళింది ఆ నెల కాదు. వెళ్ళి ఉంటే ఇష్టపడేవాడినో లేదో చెప్పలేను గానీ, పెళ్ళి మాటలు నడిచిన గదిలోనే శవాన్ని ఉంచేవారన్న సంగతి చదివితే ఎక్కేది కాదు, చూస్తే ఎక్కుతుంది.

ట్రెడ్‌వెల్ స్త్రీల దుస్తులు మ్యూజియంలో 39 ఉన్నాయి. వెలుతురుకు పట్టు చివికిపోతుంది కాబట్టి అన్నింటినీ ఒకేసారి పెట్టరు, మార్చి మార్చి చూపిస్తారు. నేను వెళ్ళిన రోజు ఒక పట్టు గౌను ఉంది. దూరం నుంచి చూస్తే నడుము నమ్మశక్యం కానంత సన్నం, కింద గంటలా విచ్చుకున్న కుచ్చిళ్ళు. దగ్గరగా వెళితే నడుము దగ్గర కుచ్చిళ్ళ మడతలు సూది మొనలంత సన్నగా, లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, ప్రతి మడతనూ చేత్తో కుట్టారు. చంక కింద పట్టు రంగు మారి ముదురుగా ఉంది. ఉతకడానికి వీలులేని గుడ్డ అది, చెమట పట్టింది పట్టినట్టే ఉండిపోయింది. ఆ కాలంలో కుట్టు కూలి కన్నా గుడ్డ ఖరీదు ఎక్కువ. అందుకే ఫ్యాషన్ మారినప్పుడు గౌను పారేయకుండా కుట్లు విప్పి, అదే గుడ్డతో కొత్త తీరు కుట్టించుకునేవారు. సంపన్నుల ఇళ్ళలోనూ అంతే. పార్లర్‌లో నాకు దొరకని మనిషి ఆ చంక కింది మరకలో ఒక్క క్షణం దొరికింది.

ఇక అసలు విషయం. నగరంలో సంపన్నుల ఇళ్ళు మిగలవు, ఎందుకంటే సంపన్నులు ఒక చోట ఉండరు. 1830లలో బాండ్ స్ట్రీట్ పరిసరాలకు వచ్చినవాళ్ళు ఇరవై, ముప్పై ఏళ్ళు తిరిగేసరికి మళ్ళీ సామాను సర్దుకున్నారు. 1849 మేలో ఈ ఇంటికి కూతవేటు దూరంలో ఆస్టర్ ప్లేస్ నాటకశాల ముందు అల్లర్లు చెలరేగి, సైనికులు కాల్పులు జరిపితే ఇరవై మందికి పైగా చనిపోయారు. 1860 నాటికి మన్‌హటన్ జనాభా ఎనిమిది లక్షలు దాటింది. దుకాణాలు, కార్ఖానాలు, అద్దె గదుల ఇళ్ళు ఉత్తరంగా పాకుతూ వచ్చాయి. డబ్బున్నవాళ్ళు ఫిఫ్త్ అవెన్యూ వైపు, ఇంకా పైకి వెళ్ళిపోయారు. ఖాళీ చేసిన ఇళ్ళు మొదట భోజన వసతి గృహాలు అయ్యాయి, తరువాత కూల్చి గోదాములు లేపారు. ఫిఫ్త్ అవెన్యూ మీద కట్టిన కోటలాంటి ఇళ్ళు కూడా ఎక్కువ భాగం వాటి వంతు వచ్చినప్పుడు నేలమట్టమయ్యాయి.

ట్రెడ్‌వెల్‌లు మాత్రం కదలలేదు. ముసలాయన బతికున్నంత కాలం అది మొండితనం కావచ్చు. ఆయన పోయాక, 1882లో తల్లి పోయాక, అది క్రమంగా వేరే కారణాలకు మారింది. ఎనిమిది మంది సంతానంలో ఆరుగురు ఆడపిల్లలు, వాళ్ళలో నలుగురు పెళ్ళి చేసుకోలేదు. రాబడి తగ్గుతూ వచ్చింది. 1909లో అక్క జూలియా చనిపోయాక గెర్‌ట్రూడ్ ఒక్కతే మిగిలింది, ఇరవై నాలుగేళ్ళు అలాగే ఉంది. ఇల్లు తాకట్టు పడింది. చుట్టూ గోదాములు, బండ్ల రొద. లోపల తండ్రి నాటి గ్రీకు స్తంభాలు. నాన్నకు నచ్చినట్టే ఇల్లు ఉంచాలని ఆమె పట్టుబట్టిందని చెప్పుకుంటారు. అది నిజమే కావచ్చు. కానీ కొత్త సామాను కొనగలిగి ఉంటే ఆమె కొనేది కాదా? ఉత్తరంగా వెళ్ళగలిగి ఉంటే వెళ్ళేది కాదా? ఆ రెండూ జరిగి ఉంటే ఈ రోజు మనకు చూడటానికి ఏమీ ఉండేది కాదు. వైభవం చూడటానికి టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళిన నేను నిజానికి చూసింది, వైభవం వెళ్ళిపోయాక దాన్ని మార్చడానికి చేతిలో పైకం లేనివాళ్ళ ఇంటిని. ఆ కప్పు మీది ఆకులు ఇంకా పదునుగా ఉన్నది అందుకే అయ్యుంటుంది.

గెర్‌ట్రూడ్ గురించి ఒక ప్రేమకథ ప్రచారంలో ఉంది. ఆమె ఒక క్యాథలిక్ వైద్యుణ్ణి ఇష్టపడిందనీ, తండ్రి కాదన్నాడనీ, ఆ దుఃఖంతో జీవితమంతా ఒంటరిగా ఉండిపోయిందనీ. దానికి తోడు ఆమె దయ్యమై ఇంట్లో తిరుగుతోందని మరో కథ. దయ్యాల పేరుతో రాత్రి సందర్శనలు కూడా నడుపుతారు, టిక్కెట్లు బాగా అమ్ముడవుతాయట. పాత ఇంటి కప్పు మరమ్మతుకు డబ్బు కావాలి కాబట్టి నేనేమీ అనను. కానీ పెళ్ళి చేసుకోని స్త్రీ అనగానే ఒక విఫల ప్రేమ, ఒక తెల్లచీర దయ్యం లేకపోతే మనకు తోచదా అని మాత్రం అడగాలనిపిస్తుంది. నలుగురు అక్కచెల్లెళ్ళు చేసుకోలేదు. నలుగురికీ నలుగురు వైద్యులు ఉన్నారా?

1933లో, తొంభై మూడో ఏట, గెర్‌ట్రూడ్ ఈ ఇంట్లోనే చనిపోయింది. అప్పుల కింద ఇల్లూ సామానూ వేలానికి పోవలసింది. దూరపు బంధువు జార్జ్ చాప్‌మన్ అడ్డుపడి ఇంటిని కొని, 1936లో మ్యూజియంగా తెరిచాడు. ఆర్థిక మాంద్యం మధ్యలో, ఆ పేటలో, ఆ పని చేయడానికి ఎవరికైనా కొంచెం పిచ్చి ఉండాలి. తరువాత కూడా ఇంటి కష్టాలు తీరలేదు, కప్పు కారింది, గోడలు బలహీనపడ్డాయి. 1965లో న్యూయార్క్ నగరం కొత్తగా చేసిన వారసత్వ భవనాల చట్టం కింద దీన్ని గుర్తించారు, 1981లో ఇంటి లోపలి భాగానికి కూడా విడిగా రక్షణ ఇచ్చారు. నగరంలో బయటా లోపలా కూడా రక్షణ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1970లలో జోసెఫ్ రాబర్టో అనే వాస్తుశిల్పి ఏళ్ళ తరబడి పనిచేసి కట్టడాన్ని నిలబెట్టాడు. పార్లర్ల తెరలు, తివాచీలు పాతవాటి నమూనా చూసి కొత్తగా నేయించినవి. అంటే మొదట్లో నేను గొప్పగా చెప్పిన అసలుతనానికి కూడా కొన్ని మినహాయింపులున్నాయి.

పక్క స్థలంలో ఎత్తైన భవనం కట్టాలన్న ప్రతిపాదన మీద మ్యూజియం వారు చాలా ఏళ్ళుగా పోరాడుతున్నారు. పునాదులు తవ్వితే వచ్చే అదురుకు 1832 నాటి సున్నపు పని తట్టుకోదని వాళ్ళ భయం. ఆ సున్నం కింద ఉన్నది సన్నటి చెక్క పేళ్ళు మాత్రమే. వాటి సందుల్లోకి దూరి గట్టిపడిన ముద్దలే పైనున్న ఆ బరువంతటినీ కొక్కేల్లా పట్టుకుని ఉంటాయి. అవి విరిగితే ఆకుల చక్రం ముక్కలై రాలుతుంది. మళ్ళీ పోయించవచ్చు గానీ, అది అప్పుడు తెరల్లాగే నమూనా అవుతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. నేను మొదట పార్లర్లు చూసి, వాటితో కళ్ళు నింపుకుని, తరువాత కిందికీ పైకీ వెళ్ళాను. మీరు అలా చేయకండి. మొదట వంటగదికి వెళ్ళి గంటల ముందు నిలబడండి. అక్కడి నుంచి ఎక్కడా ఆగకుండా నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కండి, మెట్లు లెక్కపెట్టుకుంటూ. పార్లర్ల దగ్గరికి చివర రండి. ఆకుల చక్రాలు అప్పుడు కూడా అంతే అందంగా ఉంటాయి, వాటి మీది మసి తుడవడానికి నిచ్చెన ఎవరు ఎక్కి ఉంటారన్న ఆలోచన మాత్రం వాటి పక్కనే వేలాడుతూ ఉంటుంది.